మామగారు ఇసుక గురించి చెప్పింది నిజమే, మరి మిగతా సంగతి?

విశాఖపట్నం నుంచి ఒక ఉపాధ్యాయురాలు రాసిన ఆరు పేజీల ఉత్తరం ఈ వారం నా ముందుంది. పేరు, వీధి, బడి బయటపెట్టవద్దని కోరారు కాబట్టి అవి వదిలి విషయం మాత్రం చెబుతాను. ఆమె ఉన్నత పాఠశాలలో భౌతికశాస్త్రం బోధిస్తారు. భర్త, తొమ్మిదో తరగతి చదివే కొడుకు, డెబ్బై నాలుగేళ్ళ మామగారు, అందరూ ఒకే ఇంట్లో ఉంటారు. మామగారు ఓడరేవులో డ్రెడ్జింగ్ (ఓడల దారిలో పూడిక తవ్వే) పనుల ఇంజనీరుగా ముప్పై మూడేళ్ళు చేసి రిటైరయ్యారు. రోజూ తెల్లవారకముందే బీచ్ రోడ్డులో నడకకు వెళతారు. ఆ నడక సంఘంవాళ్ళే ఒక ఆదివారం వాతావరణ మార్పు గురించి మాట్లాడమని కోడలిని పిలిచారు. ఆమె ఆర్కే బీచ్‌లో కోతకు గురైన చోట్ల ఫొటోలు, కూలిన గోడ, వేళ్ళు బయటపడిన కొబ్బరిచెట్లు చూపించి, సముద్రం పెరిగి మన బీచ్‌ను తినేస్తోందనీ, హుద్‌హుద్ తుపాను వచ్చింది కూడా భూతాపం వల్లేననీ, ముందు తరంవాళ్ళు వెనకాముందు చూడకుండా తగలబెట్టిన బొగ్గుకు ఇప్పుడు పిల్లలు అనుభవిస్తున్నారనీ చెప్పారు.

వెనక వరుసలో కూర్చున్న మామగారు లేచారు. "అమ్మాయీ, ఈ బీచ్‌ను తింటున్నది మేము కట్టిన బ్రేక్‌వాటర్, అలలకు అడ్డంగా వేసిన ఆ గోడ. ఇసుక దక్షిణాన ఆగిపోతోంది. ఆ సంగతి మా ఆఫీసులో గుమాస్తాకు కూడా తెలుసు. కళ్ళ ముందున్న ఇసుక సంగతే తెలియని సైన్సు, 2100లో ఏమవుతుందో చెబుతుందా?" అన్నారు. చప్పట్లు మోగాయి. ఎవరో తీసిన వీడియో ఆ సాయంత్రానికల్లా కాలనీ వాట్సాప్ గ్రూపులన్నిటికీ చేరింది. అంతకుముందు ఈ విషయం పట్టించుకోని పెద్దాయన అప్పటి నుంచి రోజుకు రెండు మూడు వీడియోలు పంపుతున్నారు. హిమాలయాలు 2035కు కరిగిపోతాయని అబద్ధం చెప్పారని ఒకటి, ఇంగ్లండులో శాస్త్రవేత్తల దొంగ ఈమెయిళ్ళు దొరికాయని ఒకటి, వచ్చే వారం వాన చెప్పలేనివాళ్ళు వందేళ్ళ తర్వాతి ఎండ చెబుతారా అని ఇంకొకటి. బడిలో ప్రధానోపాధ్యాయురాలు "వివాదాల్లోకి వెళ్ళకండి" అన్నారు. కొడుకు "తాతయ్య చెప్పింది నిజమా, నువ్వు చెప్పింది నిజమా?" అని అడిగాడు. భర్త "పెద్దాయన, వదిలెయ్" అంటారు. ఇప్పుడు నడక సంఘంవాళ్ళు మామాకోడళ్ళ మధ్య బహిరంగ చర్చ పెడతామంటున్నారు, మామగారు ఒప్పుకున్నారు. ఇంట్లో ఇద్దరి మధ్య కాఫీ, మందులు తప్ప మాటలు లేవు. ఆ చర్చకు వెళ్ళాలా, కొడుకుకు ఏం చెప్పాలి, అసలు తనదే తప్పా అని ఆమె అడుగుతున్నారు. ఉత్తరం చివర ఒక వాక్యం ఉంది: "ఆయన మూర్ఖులు కారు, హుద్‌హుద్‌కు రెండు రోజుల ముందే హెచ్చరిక విని డాబా మీది ట్యాంకును తాళ్ళతో కట్టించి, ఇంటిల్లిపాదికీ నీళ్ళు పట్టించి పెట్టింది ఆయనే."

అమ్మా, మీకు రుచించని మాటతోనే మొదలుపెడతాను. బీచ్ విషయంలో ఆ రోజు మీ మామగారు చెప్పిందే ప్రధానంగా సరైనది. నైరుతి రుతుపవనాల కాలంలో అలలు దక్షిణం వైపు నుంచి ఏటవాలుగా వచ్చి తీరం వెంబడి ఇసుకను ఉత్తరానికి తోస్తాయి. ఈశాన్య కాలంలో కొంత ఇసుక వెనక్కి మళ్ళినా, ఏడాది మొత్తం లెక్క చూస్తే మన తీరంలో నికరంగా ఇసుక నడిచేది ఉత్తరానికే. ఆ దారికి అడ్డంగా రేవు ముఖద్వారం ఉంది. 1933లో రేవులోకి ఓడలు రావడం మొదలైన రోజుల్లోనే ముఖద్వారాన్ని కాపాడటానికి డాల్ఫిన్స్ నోస్ కొండ దగ్గర రెండు పాత ఓడలను ముంచి అడ్డుకట్టగా వాడుకున్నారు, 1970లలో ఔటర్ హార్బర్ కోసం ఇంకా పెద్ద బ్రేక్‌వాటర్లు కట్టారు. దక్షిణాన ఆగిన ఇసుకను డ్రెడ్జర్‌తో తవ్వి ఉత్తరాన ఉన్న బీచ్‌లో పోయడం దశాబ్దాలుగా నడుస్తున్న పని. ఆ పోత చాలని ఏడాది బీచ్ సన్నబడుతుంది, ఆ మీద ఒక పెద్ద తుపాను వస్తే గోడ కూలుతుంది. సముద్ర మట్టం పెరుగుదలకు ఇందులో భాగం లేదనను, ఎత్తు పెరిగిన నీటి మీద వచ్చే ఉప్పెన అంత ఎత్తు నుంచే మొదలవుతుంది కనుక. కానీ ఏడాదికి మిల్లీమీటర్లలో పెరిగే నీటిని చూపించి, ఒక్క రుతువులో కొట్టుకుపోయిన బీచ్‌కు అదే కారణమనడం భౌతికశాస్త్రం చెప్పే మీరు చేయవలసిన పని కాదు.

హుద్‌హుద్ విషయంలోనూ మీ మాట కాస్త దూకుడైంది. 2014 అక్టోబరు 12న గంటకు 180 కిలోమీటర్ల గాలితో అది మన ఊరి మీదే తీరం దాటింది, చూసినవాళ్ళెవరూ మరచిపోలేరు. అయితే దివిసీమ ఉప్పెన వచ్చింది 1977లో, భూతాపం అన్న మాట మన పత్రికల్లో ఇంకా అరుదైన రోజుల్లో. బంగాళాఖాతం ఎప్పుడూ తుపానుల సముద్రమే. తుపానుల సంఖ్య పెరిగిందని శాస్త్రం గట్టిగా చెప్పడం లేదు. వచ్చినవాటిలో తీవ్రమైనవాటి వాటా పెరుగుతోందనీ, అవి కురిపించే వాన ఎక్కువవుతోందనీ చెబుతోంది. ఒక తుపాను పేరు పట్టుకుని ఇది ఫలానా కారణం వల్లే వచ్చిందనాలంటే దానికి ప్రత్యేకమైన అధ్యయనం కావాలి. (ఒకప్పుడు వచ్చిన ప్రతి తుపానుకూ ఇదే కారణమని రాసిన పాపం నాదీ ఉంది, అందుకే ఈ తప్పును ఇంత తేలికగా గుర్తుపట్టగలుగుతున్నాను.)

ఇక్కడ జరిగింది ఇదని నా అభిప్రాయం. ఎన్నో దారుల్లో రుజువై తిరుగులేనివి, బలమైన ఆధారం ఉన్నా ఇంకా కొలుస్తున్నవి, ఈ ఊరికి మాత్రమే చెందినవి, ఈ మూడు రకాల సంగతులనూ మీరు ఒకే సంచిలో వేసి జనం ముందు పెట్టారు. మీ మామగారు చెయ్యి పెట్టగానే తనకు బాగా తెలిసిన పుచ్చిన కాయ ఒకటి తగిలింది, ఆయన సంచి మొత్తం విసిరేశారు. మీరు వేసిన తప్పు చిన్నది. ఆయన తీసిన తీర్మానం చాలా పెద్దది. ఆ రెండు తప్పులూ ఒకే బరువువని నేననను. కానీ మీ చేతిలో ఉన్నది మీ తప్పు ఒక్కటే కాబట్టి దిద్దడం అక్కడి నుంచే మొదలుకావాలి.

తిరుగులేనివి ఏవో ఒక్కసారి విడిగా చూద్దాం, ఎందుకంటే రేపు ఆయనతో మాట్లాడవలసింది వాటి గురించే. కార్బన్ డయాక్సైడ్ వేడిని పట్టి ఉంచుతుందని జాన్ టిండాల్ 1859లో ప్రయోగశాలలో కొలిచి చూపించాడు. 1896లో స్వాంటే అరీనియస్ ఆ వాయువు రెట్టింపైతే భూమి ఎంత వేడెక్కవచ్చో చేత్తో లెక్కగట్టాడు. 1958 నుంచి హవాయి దీవుల్లోని మౌనా లోవా కొండ మీద గాలిని నిరంతరంగా కొలుస్తున్నారు. అప్పుడు పది లక్షల భాగాల్లో సుమారు 315 భాగాలున్న ఈ వాయువు ఇప్పుడు 420 దాటింది, పరిశ్రమలు రాకముందు 280 ఉండేది. ఇది బొగ్గు, చమురు నుంచి వచ్చిందేనని ఎలా తెలుసని మీ మామగారు అడగవచ్చు, అడగాలి కూడా. కోట్ల ఏళ్ళు భూమిలో పడి ఉన్న బొగ్గులో రేడియోధార్మిక కర్బనం మిగిలి ఉండదు, ఎప్పుడో క్షీణించిపోయింది. బొగ్గు కాలుతున్నకొద్దీ గాలిలో ఆ రకం కర్బనం పాలు పలచబడాలి. అలాగే పలచబడిందని అణుపరీక్షల కాలానికి ముందు నాటి చెట్ల వలయాల్లోనే కనిపించింది. సూర్యుడే కారణం కావచ్చు కదా అంటే, సూర్యుడే అయితే వాతావరణంలో కింది పొర, పై పొర రెండూ వేడెక్కాలి. కింది పొర వేడెక్కుతోంది, పైన ఉన్న స్ట్రాటోస్ఫియర్ చల్లబడుతోంది. ముప్పై మూడేళ్ళ యంత్రానుభవం ఉన్న మనిషికి ఇలాంటి ఆధారాలు రుచిస్తాయి, కూలిన గోడ ఫొటో రుచించదు.

ఇప్పుడు ఏకాభిప్రాయం అన్న మాట దగ్గరికి వద్దాం. తెలుగులో ఈ మాట వినగానే పంచాయతీలో అందరూ చేతులెత్తినట్టు తోస్తుంది, అందుకే మీ మామగారికి దాని మీద అనుమానం. నూటికి తొంభై ఏడుగురు శాస్త్రవేత్తలు ఒప్పుకున్నారన్న లెక్కతో ఆయన ముందుకు వెళ్ళవద్దని నా సలహా. ఆ అంకె ఎక్కువగా 2013లో వచ్చిన ఒక అధ్యయనం నుంచి వచ్చింది; వాళ్ళు దాదాపు 12 వేల పరిశోధన వ్యాసాల సారాంశాలు చదివి, కారణం గురించి ఏదో ఒక మాట చెప్పినవాటిలో 97 శాతం మనిషినే కారణంగా చూపాయని తేల్చారు. మూడింట రెండు వంతుల సారాంశాలు ఆ ప్రశ్నే ఎత్తలేదు. అందులో వింతేమీ లేదు, వంతెనల మీద రాసే ప్రతి వ్యాసమూ గురుత్వాకర్షణ ఉందని మొదట రాయదు. కానీ వాదనలో దిగినవాళ్ళకు ఆ మూడింట రెండు వంతులే దొరుకుతాయి, మీరు మళ్ళీ వెనకడుగు వేయవలసి వస్తుంది. ఏకాభిప్రాయానికి బలం తలల లెక్కలో లేదు. ఒకరి మాటను ఒకరు పడగొట్టాలని నూట యాభై ఏళ్ళుగా పోట్లాడుకున్నా పడిపోకుండా మిగిలిన మాట అది.

ఆ పోట్లాటలో మీ మామగారికి నచ్చే మనిషి ఒకరున్నారు, ఆయన గురించి చెప్పండి. గై కాలెండర్ అనే బ్రిటిష్ ఆవిరి ఇంజనీరు 1938లో, తన వృత్తి కాని పనిలో వేలు పెట్టి, ప్రపంచంలో నూరుకు పైగా కేంద్రాల ఉష్ణోగ్రతల లెక్కలు చేత్తో కూడి, భూమి వేడెక్కుతోందనీ, దానికి బొగ్గు కాలిన గాలి కారణమనీ లండన్‌లోని వాతావరణ పండితుల ముందు పెట్టాడు. వాళ్ళు నమ్మలేదు. అంటే ఆనాటి ఏకాభిప్రాయం ఇంజనీరుకు వ్యతిరేకంగా ఉంది! ఒంటరివాడు పండితులను ఎదిరించి గెలిచిన కథలంటే ఈ విషయంలో సందేహించేవారికి ఎంతో ఇష్టం; ఈ కథలో ఆ ఒంటరివాడు చెప్పింది భూతాపం ఉందని. ఇంకో తమాషా ఏమిటంటే, ఆ వేడి మనుషులకు మేలే చేస్తుందని కాలెండర్ అనుకున్నాడు. అందులో తప్పాడు, కొలతలో తప్పలేదు. కొలతనూ దాని మీద మనం చెప్పుకునే అభిప్రాయాన్నీ వేరు చేసి చూడటం మీ మామగారికి కొత్త కాదు, లోతు కొలిచిన మనిషి కదా.

తర్వాత కాలంలోనూ శాస్త్రం తొందరపడి కేకలు వేయలేదు. వాతావరణ మార్పు మీద పరిశోధనలను మదింపు చేయడానికి 1988లో ఐక్యరాజ్యసమితి సంస్థలు ఏర్పాటు చేసిన ప్రభుత్వాల సంఘం ఐపీసీసీ 1990లో ఇచ్చిన మొదటి నివేదికలో, మనిషి వల్లేనని తేల్చి చెప్పడానికి ఇంకో పదేళ్ళో అంతకంటే ఎక్కువో పట్టవచ్చని రాసింది. 1995లో మనిషి ప్రభావం కనిపిస్తోందని జంకుతూ అంది. 2001లో బహుశా అంది, 2007లో చాలావరకు ఖాయమంది, 2013లో ఇంకో మెట్టెక్కింది, 2021లో మాత్రమే సందేహానికి తావులేదని రాసింది. ముప్పై ఏళ్ళు పట్టింది. కుట్ర చేసేవాళ్ళు ఇంత మెల్లగా చేయరు.

ఆయన పంపిన వీడియోల్లో మొదటిది పూర్తి అబద్ధం కాదని ఒప్పుకోండి. 2007 నివేదికలో హిమాలయాల హిమానీనదాలు 2035 నాటికి కనుమరుగు కావచ్చన్న వాక్యం ఉండటం నిజం, దానికి సరైన ఆధారం లేకపోవడమూ నిజం. 2009లో మన పర్యావరణ మంత్రిత్వ శాఖ ప్రచురించిన ఒక భూగర్భ శాస్త్రవేత్త పత్రం వేరే చిత్రం చూపిస్తే, అప్పటి ఐపీసీసీ అధ్యక్షుడు రాజేంద్ర పచౌరీ దాన్ని కొట్టిపారేశారు. 2010 జనవరిలో ఐపీసీసీ తప్పు ఒప్పుకుంది. అది సిగ్గుపడవలసిన వ్యవహారమే. అయితే ఆ తప్పు పట్టినవాళ్ళూ హిమానీనదాలు కొలిచేవాళ్ళే, కొలిచేవాళ్ళే వాటిలో అత్యధికం కుదించుకుపోతున్నాయని కూడా చెబుతున్నారు. ఈమెయిళ్ళ గొడవ 2009 నవంబరులోది. ఈస్ట్ ఆంగ్లియా విశ్వవిద్యాలయం శాస్త్రవేత్తల ఉత్తరాలు దొంగిలించి బయటపెట్టారు, ఆ తర్వాత జరిగిన విచారణలు లెక్కలు తారుమారు చేయలేదని తేల్చాయి, అడిగినవారికి సమాచారం ఇవ్వడంలో దాపరికం చూపారని మాత్రం మందలించాయి. ఆ గొడవ వేడి మీద ఉన్నప్పుడే అమెరికా భౌతికశాస్త్రవేత్త రిచర్డ్ ముల్లర్ ఈ ఉష్ణోగ్రతల లెక్కలను నమ్మలేక మొత్తం మళ్ళీ మొదటి నుంచి కూడటం మొదలుపెట్టాడు. 2012 నాటికి పాత లెక్కలే సరైనవని, కారణం మనిషేనని తనే పత్రికకెక్కి చెప్పాడు.

వాన గురించిన ప్రశ్నకు పుస్తకాలతో పని లేదు. ఫలానా రోజు మధ్యాహ్నం ఎంత ఎండ కాస్తుందో సంక్రాంతి నాడు ఎవరూ చెప్పలేరు. రోహిణి కార్తెలో రోళ్ళు పగులుతాయని మాత్రం మన ముత్తాతలకు కూడా తెలుసు. మీ మామగారి భాషలోనే చెప్పాలంటే, రేపు తొమ్మిదింటికి వచ్చే అల ఎంత ఎత్తు లేస్తుందో ఏ ఇంజనీరూ చెప్పడు, ఆటుపోట్ల పట్టిక మాత్రం ఏడాది ముందే అచ్చవుతుంది. ఆటుపోట్లంత కచ్చితంగా రాబోయే ఉష్ణోగ్రతను చెప్పలేమన్నది నిజమే. అందుకే నివేదికల్లో ఒక్క అంకె ఇవ్వకుండా ఇంత నుంచి ఇంత అని ఇస్తారు. రేవులో 1930ల నుంచి నీటి మట్టం కొలుస్తున్న గేజ్ ఉంది, దాని రీడింగులు ఆయనకు తెలిసే ఉంటాయి. "ఇన్నేళ్ళలో అంత తేడా నాకు కనబడలేదే" అని ఆయన అంటే కోప్పడకండి. ఒక్క చోట కొలత మీద ఆ నేల కుంగడమూ లేవడమూ, గాలి, ప్రవాహాలు అన్నీ ప్రభావం చూపుతాయి. ప్రపంచమంతటి సగటు పెరుగుదల 1901 నుంచి 2018 వరకు సుమారు 20 సెంటీమీటర్లు, అంటే జానెడు. గత శతాబ్దం మొదటి ఏడు దశాబ్దాల్లో ఏడాదికి సగటున 1.3 మిల్లీమీటర్లున్న వేగం, 2006 నుంచి 2018 మధ్య 3.7కు చేరింది. జానెడు పెద్దదిగా కనబడకపోవచ్చు. వేగం పెరగడం ఏమిటో ఇంజనీరుకు విడమరచి చెప్పనక్కర లేదు.

ఇంతా రాశాక, అసలు గొడవ ఇందులో ఏదీ కాదేమోనని కూడా నాకు అనుమానం. మీ ఉత్తరంలో నన్ను ఆపిన వాక్యం బీచ్ గురించినది కాదు, "ముందు తరంవాళ్ళు వెనకాముందు చూడకుండా" అన్నది. ఆ గదిలో ముందు తరం మనిషి వెనక వరుసలో కూర్చుని ఉన్నారు. ఆయన జీవితమంతా ఓడలు రావడానికి కాలువ లోతు చేశారు, ఆ ఓడల్లో సగం బొగ్గే దిగి ఉండవచ్చు. ఆ బొగ్గుతోనే ఉక్కు కరిగింది, ఆ జీతంతోనే మీ ఆయన చదివారు. పదిమంది తోటి నడక మిత్రుల ముందు ఆ బతుకంతా నేరమైనట్టు ఇంటి కోడలి నోట వినిపిస్తే, చేతికి ఏది దొరికితే దానితో ఎదురు నిలవడం మనిషి సహజం. ఆయన చేతికి ఇసుక దొరికింది.

ఆ కోపంలో న్యాయం కూడా ఉంది. ఈ రోజుకీ సగటు భారతీయుడు ఏడాదికి గాలిలోకి వదిలే కార్బన్ డయాక్సైడ్ సుమారు రెండు టన్నులు, సగటు అమెరికన్ వదిలేది దానికి ఏడు రెట్లు. పాత బాకీలో పెద్ద వాటా ఎవరిదో 1992 నాటి అంతర్జాతీయ ఒప్పందంలోనే ఒప్పుకున్నారు, బాధ్యత అందరిదీ అయినా అందరిదీ సమానం కాదని. ఎవరు ముందు తగ్గించాలి, 2070 నాటికి నికర ఉద్గారాలను సున్నా చేయాలని మన దేశం పెట్టుకున్న లక్ష్యం సరైనదా, పరవాడ బొగ్గు విద్యుత్ కేంద్రం పొగగొట్టం ఎప్పుడు ఆగాలి, అందులో పనిచేసేవాళ్ళ సంగతేమిటి అన్నవి రాజకీయ ప్రశ్నలు, వీటిలో మీ మామగారి ఓటుకూ మీ ఓటుకూ ఒకే విలువ. గాలిలో కర్బనం ఎంత ఉందన్నది అలాంటి ప్రశ్న కాదు. చాలామంది మొదటి రకం ప్రశ్న మీద ఉన్న కోపాన్ని రెండో దాని మీద చూపిస్తారు. ఆయన చేత ఆ రెండూ విడదీయించగలిగితే మీ ఇద్దరి మధ్య మిగిలే దూరం మీరనుకున్నదానికంటే చాలా తక్కువ కావచ్చు.

ఇప్పుడు మీరు అడిగినవాటి దగ్గరికి వస్తాను. బడి సంగతి చిన్నది. పాఠ్యపుస్తకంలో ఉన్నదే చెబుతున్నానని, బీచ్ ఉదాహరణను సవరించుకున్నానని అర పేజీ రాసి ఇచ్చేయండి. వాట్సాప్‌లో ఒకే ఒక్క సందేశం పెట్టవచ్చు: ఆర్కే బీచ్ కోతకు ముఖ్య కారణం ఇసుక కదలిక ఆగిపోవడమేనని, ఆ రోజు మామయ్యగారు చెప్పింది సరైనదని, భూతాపం గురించి మిగతా మాటలకు కట్టుబడి ఉన్నానని. "చూశారా, ఒప్పుకుంది" అని నలుగురు నవ్వుతారు, దానికి మీరు సిద్ధపడాలి. ఏమీ పెట్టకపోతే ఆ నవ్వు తప్పుతుంది, వీడియో మాత్రం అలాగే తిరుగుతుంది. ఏది పెట్టినా పెట్టకపోయినా, ఆ తర్వాత వచ్చే నూరు సందేశాలకు జవాబు ఇవ్వడం మాత్రం మొదలుపెట్టకండి.

బహిరంగ చర్చకు వెళ్ళడం ఒక దారి. వెళితే చెరో పది నిమిషాలు ఇస్తారు, వినేవాళ్ళకు ఇది సరిసమానమైన రెండు పక్షాల తగువులా కనిపిస్తుంది, చమత్కారంగా మాట్లాడినవాళ్ళు గెలిచినట్టవుతుంది. మీరు గెలిచినా ఇంటికి ఒకే ఆటోలో రావాలి. వెళ్ళనని చెప్పేయడం ఇంకో దారి; ఊళ్ళో ఓడిపోయారంటారు, అది నెల రోజుల్లో మరచిపోతారు, కానీ మామగారికి తన మాటకు జవాబే ఇవ్వలేదన్న అసంతృప్తి మిగులుతుంది, ఆయన లాంటి మనిషికి అది గెలుపు కంటే చేదు. ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో వాతావరణ, సముద్ర శాస్త్రాల విభాగం ఉంది, ఊళ్ళోనే తుపాను హెచ్చరికల కేంద్రం ఉంది, వాళ్ళలో ఒకరిని పిలిపించవచ్చు. విషయానికి అది మంచిదే. ఇంటికి ఎంతవరకు మంచిదో చెప్పలేను, తనను ఓడించడానికి కోడలు పెద్దమనిషిని వెంటబెట్టుకొచ్చిందని ఆయన అనుకోవచ్చు. పిలవాలనుకుంటే ఆ పిలుపు ఆయన చేతుల మీదుగానే వెళ్ళనివ్వండి.

నా మొగ్గు నాలుగో దారి వైపు, అది కుదరకపోవచ్చని తెలిసే చెబుతున్నాను. చర్చను నడకగా మార్చమని సంఘంవాళ్ళను అడగండి. కోస్టల్ బ్యాటరీ దగ్గర మొదలుపెట్టి సబ్‌మెరీన్ మ్యూజియం దాకా, సగం దూరం ఆయన ఇసుక ఎలా నడుస్తుందో, బ్రేక్‌వాటర్ ఎందుకు కట్టవలసి వచ్చిందో, డ్రెడ్జర్ ఏం చేస్తుందో చెబుతారు. మిగతా సగం మీరు గాలిలో కర్బనం, జానెడు నీరు, దాని వేగం చెబుతారు. మొదట ఆయన మాట్లాడాలి, మీరు తర్వాత. అన్నిటికంటే ముందు మీరు పదిమంది వినేలా ఆ రోజు తప్పు మాట్లాడానని ఒప్పుకోవాలి. దీనికి మీ వైపు నుంచి అయ్యే ఖర్చు అది. ఆయన మారతారని హామీ ఇవ్వలేను, ఆ వయసులో పదిమంది ముందు మాట మార్చుకోవడం ఎవరికీ తేలిక కాదు; మారకపోయినా, బీచ్ కోతకూ భూతాపానికీ తేడా తెలిసిన ముప్పై మంది ఆ నడక నుంచి ఇంటికి వెళతారు. ఆయన ససేమిరా అంటే, చర్చ వద్దని మాత్రం మీరు గట్టిగా చెప్పి, ఇంట్లో మాటలు మళ్ళీ మొదలయ్యే దాకా ఈ విషయాన్ని పక్కన పెట్టవచ్చు. దానివల్ల భూమి ఈ నెలలో అదనంగా వేడెక్కదు.

మీ అబ్బాయికి "తాతయ్య చెప్పిన ఇసుక నిజం, నేను చెప్పిన గాలి నిజం, ఇసుక గురించి నేను చెప్పింది తప్పు, గాలి గురించి తాతయ్య అన్నది తప్పు" అని నాలుగు ముక్కల్లో చెప్పండి. అంతకు మించి వాడిని న్యాయమూర్తిని చేయవద్దు. మౌనా లోవా లెక్కలు అందరికీ అందుబాటులో ఉన్నాయి, 1958 నుంచి ఏడాదికో చుక్క చొప్పున గ్రాఫు కాగితం మీద వాడి చేతే పెట్టించండి. గీత సరిగ్గా వచ్చిందో లేదో చూడమని తాతయ్యకే ఇవ్వనివ్వండి, ముప్పై మూడేళ్ళు డ్రాయింగులు సరిచూసిన కళ్ళు కదా. కర్బనం గురించి ఆ పూట ఎవరూ మాట్లాడనక్కర లేదు.

నడక కుదిరితే నీరు వెనక్కి తగ్గిన వేళ పెట్టుకోవాలి, అప్పుడే కోత పడిన అంచు బాగా కనబడుతుంది. ఆ ఆదివారం ఆటు ఎన్ని గంటలకో కాఫీ ఇచ్చేటప్పుడు మీ మామగారినే అడగండి.